ఆకాశం నుంచి వచ్చిన కొలతలు

ఉల్బోల్సిన్ అంటే కజఖ్ భాషలో ‘మగపిల్లాడు పుట్టాలి’ అని. ముగ్గురు ఆడపిల్లల తర్వాత నాలుగోసారి కూడా ఆడపిల్లే పుట్టేసరికి, ఈ పేరు పెడితే వచ్చే కాన్పులోనైనా కొడుకు పుడతాడని ఆవిడ తండ్రి ఆశపడ్డాడు. ఆ తర్వాతా ఇద్దరు పుట్టారు, ఇద్దరూ ఆడపిల్లలే. ఆరుగురిలోనూ తండ్రి చివరి రోజుల్లో ఎవరింటికి పోయి ఉన్నాడయ్యా అంటే ఈ ఉల్బోల్సిన్ ఇంటికే. "నీ పేరే తప్పు పెట్టాను గానీ నిన్ను కనడం తప్పు కాదే," అనేవాడట.

పద్దెనిమిదేళ్ళకు పెళ్ళయి ఆర్కలిక్ అనే గనుల ఊరికి వచ్చింది. ఆ ఊరి చుట్టూ ఎటు చూసినా మైదానమే. అంతరిక్షం నుంచి తిరిగొచ్చేవాళ్ళు క్యాప్సూల్లో కూర్చుని, పారాచూట్ సాయంతో దిగేది ఆ మైదానాల్లోనే. కాపరానికి వచ్చిన ఏడాదే అత్తగారు గొర్రెలు మేపుకుంటూ పోయి, నారింజా తెలుపూ చారలున్న గుడ్డ ఒకటి చంకన పెట్టుకుని వచ్చింది. "చూడవే కోడలా, ఎంత మెత్తగా ఉందో! దిండు గలీబులు కుట్టు," అంది. కొత్తకోడలు కుట్టింది. నాలుగు దిండ్లకూ ఒక కిటికీ తెరకూ సరిపోయింది. ఉల్బోల్సిన్ చేతికి అంతరిక్షం తగలడం అదే మొదలు.

తర్వాత ఊళ్ళో ప్రభుత్వ కుట్టుకేంద్రంలో పనిలో చేరింది. గనిలో పనిచేసేవాళ్ళ కోట్లూ పెళ్ళికూతుళ్ళ గౌన్లూ కుట్టింది. సోవియట్ దేశం విడిపోయి, గనులు మూతబడి, చలికాలంలో గొట్టాల్లో వేడినీళ్ళు కూడా రాని రోజులొచ్చాయి. ఊరు సగం ఖాళీ అయింది. కుట్టుకేంద్రానికి తాళం వేసిన రోజున, తన కుట్టుమిషన్ని చిన్నపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఇంటికి తెచ్చుకుంది. పొయ్యి పక్కన పెట్టుకుని, వేళ్ళు కాచుకుంటూ కుట్టింది. అందరూ వెళ్ళిపోతున్నారు, మనమూ పోదామా అని లారీ నడిపే భర్త సపర్‌గలి అడిగితే, "మిషను బరువు. నేను మోయలేను," అంది. అంతే. ఉండిపోయారు.

అలా ఉండిపోయినందుకే ఆ పని వచ్చింది. అంతరిక్షం నుంచి దిగినవాళ్ళను హెలికాప్టర్లలో ఆర్కలిక్ విమానాశ్రయానికి తెచ్చి, అక్కడ రొట్టె అందించి, మఖమలు చాపాన్ తొడిగి, తలమీద టోపీ పెట్టి పంపడం నగర కార్యాలయం వాళ్ళు మొదలుపెట్టారు. చాపాన్ అంటే చీలమండల దాకా వేలాడే నిలువు అంగీ. అంచుల నిండా పొట్టేలు కొమ్ముల ఆకారంలో జరీపని ఉంటుంది. ఊళ్ళో ఆ పని చేతనైన మనిషి ఉల్బోల్సిన్ ఒక్కతే. ఐదేళ్ళలో పదిహేను మందికి కుట్టింది. అయితే ఒక్కరు తొడుక్కోగా కూడా కళ్ళారా చూడలేదు. ఆ సంబరానికి పిలుపులు అధికారులకే. తొడిగేది కాలేజీలో చదివే అందమైన అమ్మాయి. ఉల్బోల్సిన్ మర్నాడు పేపర్లో బొమ్మ చూసి, చేతుల పొడవు కుదిరిందా లేదా అని గొణుక్కునేది.

ఆ ఏడాది ఏప్రిల్లో సాంస్కృతిక విభాగం బెయ్‌సెన్ కాగితం తెచ్చాడు. కుర్రవాడేం కాదు, నలభై దాటినవాడు. అయినా ఉల్బోల్సిన్ని ఆపా, అంటే అక్కా అని పిలుస్తాడు, ఆవిడ ముందు నిలబడితే పాఠం అప్పజెప్పే పిల్లాడిలా చేతులు కట్టుకుంటాడు.

"ఈసారి ముగ్గురు, ఆపా. ఆర్నెల్లుగా పైన ఉన్నవాళ్ళు ఇద్దరు. వాళ్ళతోపాటు ఒక టూరిస్టు. రాబిన్ హార్టిగన్ అని, కెనడా."

"టూరిస్టా? అక్కడికి కూడా పోతున్నారా చూడ్డానికి?"

"పోతున్నారు. పదిరోజులుండి వస్తారట."

"కొలతలు?"

"ఇద్దరివీ పంపారు. టూరిస్టువి రాలేదు. కెనడా మనిషి కదా ఆపా, పెద్దదే కుట్టండి."

కాగితం కజఖ్‌లో ఉంది. కజఖ్‌లో అతనికీ ఆమెకీ ఒకటే మాట. రష్యన్ ఇంటిపేరయితే చివర చూడగానే ఆడో మగో తెలిసిపోతుంది. హార్టిగన్ అన్న పేరులో ఆ వాటమే లేదు. ఉల్బోల్సిన్ ముదురు నీలం మఖమలు తీసింది. సపర్‌గలిని నిలబెట్టి, అతని భుజాలకు ఇంకో రెండు వేళ్ళు కలిపి కత్తిరించింది. తెల్ల ఉన్ని టోపీ కూడా చేసింది, గిన్నెంత.

రాకెట్ ఎగిరే రోజు పక్కింటి ఎమ్మా గుస్తావోవ్నా వాళ్ళింట్లో టీవీ ముందు చేరారు. ఎమ్మా పుట్టుకతో జర్మన్, ఆర్కలిక్ బడిలో ముప్పై ఏళ్ళుగా భౌతికశాస్త్రం చెప్తోంది. చుట్టాలందరూ జర్మనీ వెళ్ళిపోయినా, బడి మేడమీద తను కట్టిన రేడియో ఏంటెన్నా వదిలి ఎక్కడికీ కదలనంది. టీవీలో తెల్లటి దుస్తుల్లో ముగ్గురు నడిచి వస్తున్నారు. ఇద్దరు మగవాళ్ళు, పైనున్న ఇద్దరి స్థానంలో ఉండిపోయేవాళ్ళు. వాళ్ళ మధ్య, వాళ్ళ చంకల దాకా కూడా రాని మనిషి ఒకరు పెట్టె మోసుకుంటూ గబగబా అడుగులేస్తున్నారు. టోపీ కిందనుంచి నెరిసిన జడ కనిపించింది.

"ఆ చిన్నావిడెవరు?" అంది ఉల్బోల్సిన్.

"అదిగో చెప్తున్నారుగా. రాబిన్ హార్టిగన్. పర్యాటకురాలు. అరవై ఒక్క ఏళ్ళు. చేపల డబ్బాల కంపెనీ పెట్టిందట," అంది ఎమ్మా.

సపర్‌గలికి నవ్వు పొంగుకొచ్చి, చేతిలో టీ ఒలికింది.

"మీ నాన్న చేసిన పనే నువ్వూ చేశావే! మగపిల్లాడనుకుని అన్నీ సిద్ధం చేశావు, తీరా చూస్తే ఆడపిల్ల!"

"నువ్వు నోర్ముయ్! నీ భుజాలు కొలిచి కుట్టాను, అందుకే ఇట్లా ఏడ్చింది."

"ఆ చాపాన్లో ఆవిణ్ణి పెట్టి మూట కట్టొచ్చు," అంది ఎమ్మా కళ్ళు తుడుచుకుంటూ. ఈలోగా రాకెట్ నిప్పులు కక్కుతూ లేచిపోయింది. ముగ్గురూ నవ్వు ఆపి, అది చుక్కంతయి మాయమయ్యేదాకా ఊపిరి బిగబట్టి చూశారు. "చల్లగా పోయి రా తల్లీ," అంది ఉల్బోల్సిన్. వెంటనే, "పదిరోజులే ఉంది నాకు," అని లేచింది.

ఆడవాళ్ళకు చాపాన్ తీరే వేరు. నడుము దగ్గర నొక్కుతో, కింద కుచ్చెళ్ళు విచ్చుకోవాలి. దానిమీద గుండ్రటి చిన్న టోపీ, టోపీమీద గుడ్లగూబ ఈకల కుచ్చు. సరైన కొలతలు లేకపోతే అది గోనెసంచే. రెండో రోజుకు రాకెట్ అంతరిక్ష కేంద్రాన్ని చేరింది. తలుపు తెరుచుకుని రాబిన్ లోపలికి తేలుతూ రావడం, పైనున్న ఇద్దరూ ఆవిణ్ణి పట్టుకుని ముద్దులు పెట్టడం టీవీలో వచ్చింది. ఉల్బోల్సిన్ టేపు పట్టుకుని టీవీకి అతుక్కుపోయింది.

"అబ్బా, ఇటు తిరగవమ్మా! అదిగో, మళ్ళీ తలకిందులైంది. ఒక్కచోట నిలబడదేం ఈ మనిషి?"

"అక్కడ ఎవరూ నిలబడరే ఉల్బోల్సిన్," అంది ఎమ్మా. "పైగా అక్కడికి పోయినవాళ్ళు రెండు మూడు వేళ్ళు పొడుగవుతారు. వెన్ను సాగుతుంది. కిందికొచ్చాక మళ్ళీ మామూలే."

ఉల్బోల్సిన్ టేపు ఒళ్ళో పడేసింది. "పొడుగవుతారా? ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు ఆపా? పదిహేను మందికి కుట్టానే!"

ఎమ్మా కిటికీలోంచి బడివైపు చూసింది. ఆరో రోజు పొద్దున పదకొండూ ఇరవైకి అంతరిక్ష కేంద్రం ఆర్కలిక్ మీదుగా పోతుంది. బడిపిల్లలు రేడియోలో పైవాళ్ళతో మాట్లాడటానికి ఎమ్మా ఏడాదిగా ఉత్తరాలు రాసి అనుమతి తెచ్చుకుంది. దొరికేది ఎనిమిది నిమిషాలు. పిల్లల ప్రశ్నలు పది.

ఆ సంగతి ఉల్బోల్సిన్‌కూ తెలుసు. ఎమ్మా చేతులు పట్టుకుంది. "ఆపా, ఒక్క నిమిషం."

"కుదరదు. పిల్లలు రాత్రీ పగలూ బట్టీ పట్టారు."

"మీ చలికోటుకి ఎన్నిసార్లు లోపలిగుడ్డ మార్చాను?"

"అది లంచం."

"అవును, లంచమే."

"సరే, చివరి నిమిషం. అదీ పిల్లలందరూ అయ్యాకే."

ఆ రోజు బడి రేడియో గది కిటకిటలాడింది. సరిగ్గా పదకొండూ ఇరవైకి గరగరల మధ్యనుంచి మగగొంతు పలికింది. "ఆర్కలిక్ బడి, ఆర్కలిక్ బడి, నేను గెన్నదీ. బాగా వినిపిస్తున్నారు." గది మొత్తం ఒక్కసారి కేకపెట్టింది. గెన్నదీ పైన ఆర్నెల్లుగా ఉంటున్న కమాండరు. పిల్లలు అడిగారు. నిద్ర ఎలా పోతారు? కన్నీళ్ళు కిందికి జారతాయా? జారవు, కంటిమీదే బొట్టులా నిలిచిపోతాయట. మా ఊరు కనిపిస్తోందా? "కనిపిస్తోంది. ఇప్పుడు మీ చెరువు మీద మంచు సగం కరిగి ఉంది," అన్నాడు గెన్నదీ. పిల్లలు పరుగున కిటికీ దగ్గరకు పోయారు. నిజమే, సగమే కరిగింది.

ఆఖరికి ఎమ్మా మైకు ఉల్బోల్సిన్ చేతికిచ్చింది. ఆవిడ దాన్ని నోటికి దగ్గరగా పట్టుకుంది.

"నాయనా గెన్నదీ, నేను దర్జీని. మీరు దిగాక తొడిగే చాపాన్లు కుట్టేది నేనే. మీ ఇద్దరివీ అయిపోయాయి. మీ ఇంటికొచ్చిన చుట్టం కొలతలు కావాలి. భుజం, చెయ్యి, ఛాతీ, నడుము. త్వరగా!"

పైనుంచి నవ్వు వినిపించింది, ఇద్దరిది. "అమ్మా, ఆవిణ్ణి పట్టుకోవడమే కష్టంగా ఉంది. కొలవడం ఒకటా?"

"కాళ్ళు ఎక్కడైనా ఇరికించమను. టేపుందా?"

"పిక్కలు కొలుచుకునేది ఒకటుంది. ఉండండి... భుజం ముప్పై ఏడు సెంటీమీటర్లు."

"రాసుకోండి ఆపా! ఊఁ, తర్వాత?"

"చెయ్యి యాభై ఒకటి. ఛాతీ ఎనభై ఆరు. నడుము డెబ్బై."

"ఊపిరి బిగబట్టిందా?"

పైన ఏదో గుసగుస. "బిగబట్టింది," అన్నాడు గెన్నదీ. "మీకెలా తెలిసిందమ్మా?"

"నలభై ఏళ్ళుగా కొలుస్తున్నాను, బిగబట్టని ఆడది నాకు కనబళ్ళేదు. వదలమను."

గది గొల్లుమంది. రేడియోలో ఆడగొంతు ఏదో అంటూ పగలబడి నవ్వడం వినిపించింది. "డెబ్బై ఆరు!" అని అరిచాడు గెన్నదీ. గరగర పెరిగింది. "పొడవు నూట..." అంటుండగానే కేంద్రం తూర్పున ఆకాశపు అంచు కిందికి దిగిపోయి, మాట తెగింది. పొడవు ఆకాశంలోనే ఉండిపోయింది.

"పోన్లెండి," అంది ఉల్బోల్సిన్ మైకు ఇచ్చేస్తూ. "సాగిన పొడవుతో నాకేం పని?"

ఎర్ర మఖమలు తెచ్చింది. మూడు రోజులు వంట సపర్‌గలిదే. మాంసం మాడ్చాడు, టీలో ఉప్పెక్కువ వేశాడు. ఆవిడ గమనించనేలేదు. పొడవు మాత్రం తన అంచనాకు వదిలి, దిగినవాళ్ళు ఎలాగూ నిలబడలేరు, కుర్చీల్లో ఉంటారు కాబట్టి కాళ్ళు కప్పేలా ఒక జానెడు ఎక్కువే ఉంచింది.

దిగే రోజు పొద్దున్నే బెయ్‌సెన్ కారులో వచ్చి మూడు చాపాన్లతోపాటు ఆవిణ్ణి కూడా విమానాశ్రయానికి తీసుకెళ్ళాడు. ఆర్కలిక్ రేడియో సంగతి అప్పటికే జిల్లా అంతా పాకింది, ఇక ఆవిణ్ణి పిలవకుండా ఉండటం బాగోదు. ఉల్బోల్సిన్ పట్టు రుమాలు కట్టుకుంది. రొట్టెలు వేడివేడిగా ఉన్నాయి, నాట్యం చేసే పిల్లలు వరసగా నిలబడ్డారు. అంతలో పొగమంచు దిగింది. పక్కన నిలబడ్డ మనిషి కనబడనంత. క్యాప్సూల్ నలభై కిలోమీటర్ల అవతల క్షేమంగా దిగిందని కబురొచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. వెనకే ఇంకో కబురు: ఆర్కలిక్‌లో హెలికాప్టర్లు దిగలేవు, ముగ్గురినీ అక్కణ్ణుంచి నేరుగా కొస్తనాయ్ నగరానికి తీసుకెళ్తారు.

బెయ్‌సెన్ టోపీ తీసి నేలకేసి కొట్టాడు. "అయిపోయింది, ఆపా. మ్యూజియంలో పెడదాం ఇవి."

"మ్యూజియంలోనా? బతికున్న మనిషికి కుట్టినవి!" అంది ఉల్బోల్సిన్.

సరిగ్గా అప్పుడే బయట హారన్ మోగింది. సపర్‌గలిది హెలికాప్టర్లకు ఇంధనం మోసే లారీ. కొస్తనాయ్ దూరం కాబట్టి ఇంకొంత ఇంధనం కావాలని, లారీని దిగినచోటికే రమ్మన్నారు. ఉల్బోల్సిన్ మూట చంకన పెట్టుకుని పరుగెత్తి మెట్టెక్కింది. లోపల సపర్‌గలి నీలం మఖమలు చాపాన్‌లో, తెల్లటోపీతో కూర్చుని ఉన్నాడు.

"ఇదేం వేషం?"

"చలిగా ఉంది. ఊరికే పడుందిగా. నా కొలతలేగా?"

కొట్లాడే తీరిక లేదు. లారీ బురదలో ఊగుతూ సాగింది. ఊరు దాటిన పావుగంటకు పొగమంచు తెరలా తొలగి, ఎండ కాసింది. మైదానం నిండా ఎర్రటి, పచ్చటి అడవి తులిప్ పూలు. దూరాన తెల్ల హెలికాప్టర్లు మేకల్లా మూగి ఉన్నాయి. దారిలో నిలబడ్డ సిపాయి చెయ్యెత్తాడు. లారీ నడిపే మనిషిని, ఆ జరీపనిని, ఆ టోపీని ఎగాదిగా చూశాడు. తడబడుతూ సెల్యూట్ కొట్టాడు.

"స్వాగత బృందం," అన్నాడు సపర్‌గలి గంభీరంగా.

సిపాయి పక్కకు తప్పుకున్నాడు.

క్యాప్సూల్ మసిబారిన కుండలా పక్కకు ఒరిగి ఉంది. చుట్టూ గడ్డి కాలి పొగ వస్తోంది. ముగ్గురినీ చేతుల కుర్చీల్లో కూర్చోబెట్టి దుప్పట్లు కప్పారు. ఉల్బోల్సిన్ దగ్గరకు పోబోతే డాక్టరమ్మ చేతులడ్డం పెట్టింది. "ఎవరు మీరు? దగ్గరకు రాకూడదు."

"నేను... దర్జీని."

మధ్య కుర్చీలో కళ్ళు మూసుకుని ఉన్న కమాండరు గెన్నదీ ఆ గొంతు వినగానే కళ్ళు తెరిచాడు. "ఆ గొంతు! రానివ్వండి డాక్టర్, రానివ్వండి! ఆవిడ మమ్మల్ని ఊపిరి కూడా బిగబట్టనివ్వలేదు, మీ మాట వింటుందా?"

రాబిన్ తల తిప్పలేక కళ్ళు మాత్రమే తిప్పి చూసింది. ముఖం పాలిపోయి, ఉబ్బి ఉంది. పెదాలు ఎండిపోయాయి. ఉల్బోల్సిన్ మూట విప్పింది. ఎర్రటి మఖమలు ఎండలో భగ్గుమంది. డాక్టరమ్మ కూడా అడ్డం పెట్టిన చేతులు దించేసింది.

నలభై ఏళ్ళుగా మనుషులకు బట్టలు తొడిగి చూసిన చేతులవి. కదిలించకుండా, ముందు ఒక చెయ్యి, వీపు వెనకనుంచి రెండో చెయ్యి, పసిపిల్లకు తొడిగినట్టు తొడిగింది. నడుము దగ్గర వెండి కొక్కెం పెట్టింది. పట్టింది. భుజం కుదిరింది, చెయ్యి మణికట్టు దగ్గర సరిగ్గా ఆగింది. ఎక్కువ ఉంచిన ఆ జానెడు గుడ్డ పాదాల కిందికి వచ్చి మంచుముద్దల్లా ఉన్న కాళ్ళను కప్పేసింది. టోపీ పెట్టగానే గుడ్లగూబ ఈకలు గాలికి రెపరెపలాడాయి.

రాబిన్ తన చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని ఆ కొమ్ముల జరీని వేలితో తడిమింది. పైన ఉండగా గెన్నదీ నేర్పాడట, ఒక్క కజఖ్ మాట వచ్చు. "రఖ్మెత్," అంది. ధన్యవాదాలని. అన్నాక ఏడుపొచ్చింది. కన్నీళ్ళు చెంపలమీదుగా కిందికి జారాయి. ఆవిడ వాటిని ముట్టుకుని చూసి, "జారుతున్నాయి!" అన్నట్టు వేలు పైకెత్తి చూపించి నవ్వింది.

ఉల్బోల్సిన్ తన పట్టు రుమాలు కొసతో ఆవిడ చెంపలు తుడిచింది. కాళ్ళ దగ్గర మొలిచిన మాచిపత్రి రెమ్మ ఒకటి తుంచి, నలిపి, ముక్కు దగ్గర పెట్టింది. రాబిన్ గట్టిగా ఊపిరి పీల్చింది, మళ్ళీ మళ్ళీ పీల్చింది. పది రోజులు ఇనప వాసన తప్ప ఎరగని మనిషికి అది పెళ్ళిభోజనంలా ఉండి ఉంటుంది.

ఇంకా ఇద్దరికి తొడగాలి. గెన్నదీ చేతులు చాచి, "నా నడుం కూడా మళ్ళీ కొలుస్తారా?" అన్నాడు.

"నీది పైనుంచే వచ్చిందిగా, కాగితం మీద. అబద్ధం చెప్పుంటే ఇప్పుడు బయటపడుతుంది." కొక్కెం రెండు వేళ్ళ దూరంలో ఆగిపోయింది. అక్కడున్న డాక్టర్లూ సిపాయిలూ ఫొటోలవాళ్ళూ అందరూ విరగబడి నవ్వారు.

హెలికాప్టర్లు లేచిపోయాక మైదానం ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. సహాయక బృందంలోని డ్రైవర్లు పొయ్యి రాజేసి టీ పెట్టారు. స్వాగతం కోసం కాల్చిన రొట్టెల్లో రెండు ఉల్బోల్సిన్ ఎప్పుడో మూటలో దోపేసింది. అవి తుంచి అందరికీ పంచింది. సపర్‌గలి ఆ నీలం చాపాన్‌లోనే డ్రైవర్లతో కుస్తీకి దిగి, భుజం దగ్గర చింపుకున్నాడు.

వేసవిలో కెనడానుంచి కవరు వచ్చింది. అందులో ఫొటో. ఎర్ర చాపాన్ వేసుకుని, సముద్రం ఒడ్డున చేపల పడవ పక్కన, మనవరాళ్ళ మధ్య రాబిన్ నిటారుగా నిలబడి ఉంది. ఎమ్మా దాన్ని చెక్కకు అతికించి రేడియో గదిలో పెడదామంది. ఉల్బోల్సిన్ భూతద్దం పట్టుకుని చాలాసేపు ఫొటో చూసింది.

"ఏమే, బాగుంది కదా?" అన్నాడు సపర్‌గలి.

"ఏం బాగు? ఎడంవైపు మెడపట్టీ మీద కొమ్ము గింజంత కిందికి దిగింది. నేను తొడిగేటప్పుడే చూశాను. అంతమంది ముందు విప్పమంటే బాగోదని ఊరుకున్నాను."

"ఎవరికీ కనబడదు ఆ గింజ."

"నాకు కనబడుతోందిగా," అని, ఆవిడ ఫొటో ఎమ్మాకి ఇచ్చేసి, శరదృతువులో దిగబోయే ముగ్గురి కాగితం ముందుకు లాక్కుంది. ఈసారి బెయ్‌సెన్ ప్రతి పేరు పక్కనా ఆడో మగో ఎర్రసిరాతో పెద్ద అక్షరాల్లో రాసి పంపాడు.